ఎవరైనా వాడుకోవచ్చు

పొద్దున ఎనిమిదయ్యేసరికి లిఫ్టాయన ఏదో ఒక బిల్డింగు అడుగున గోతిలో ఉంటాడు. లిఫ్టు కింద అలాంటి గొయ్యి ఒకటుంటుందని రోజూ ఎక్కి దిగేవాళ్ళలో సగంమందికి తెలీదు. బారెడేసి స్ప్రింగులూ, నూనె మరకలూ, తలుపు సందులోంచి జారిపడ్డ తాళంచెవులూ చెవిపోగులూ, అదే ఆయన ఆఫీసు. ఇరవై రెండేళ్ళ సర్వీసు. తలుపు తెరుచుకోకపోతే దేవుణ్ణి పిలిచినట్టు పిలుస్తారు, తెరుచుకున్నాక చొక్కా దులుపుకుని వెళ్ళిపోతారు. వాళ్ళని అని ఏం లాభం? లిఫ్టు సవ్యంగా నడుస్తున్నంతసేపు, దాన్ని నడిపించేవాడొకడు ఉన్నాడని ఎవరికి గుర్తుంటుంది!

అందుకేనేమో మనిషికి ఫొటోల పిచ్చి పట్టుకుంది. భుజాన సంచీ, సంచీలో స్పానర్లు, వాటి మధ్య పాత తువ్వాలులో చంటిపిల్లలా చుట్టిపెట్టిన కెమెరా. పని ముగిశాక తను బాగుచేసిన లిఫ్టులో తను దిగడు, మెట్లమీదుగా దిగుతాడు. మెట్ల మలుపులో పడ్డ ఎండ, కిటికీ ఊచలకి ఆరేసిన చొక్కా, ఎవరో గుమ్మంలో విడిచిన చెప్పుల జత, ఏది కంటికి నచ్చితే అది తీస్తాడు. సాయంత్రం ఇంటికొచ్చి, చేతుల నూనె వదిలేదాకా తోముకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని వాటిని ఒక సైటులోకి ఎక్కిస్తాడు. అన్నిటి కిందా ఒకటే మాట రాస్తాడు: 'ఎవరైనా వాడుకోవచ్చు. పేరు కూడా వెయ్యక్కర్లేదు.'

ఎంత ఉదారుడో అనుకునేరు! ఆ సైటులో ప్రతి ఫొటో పక్కనా ఒక అంకె ఉంటుంది, ఎన్ని చోట్ల వాడుకున్నారో చెబుతూ. ఆ అంకె పెరుగుతుంటే ఆయనకి కడుపు నిండినట్టుండేది. ప్రాణమంతా అక్కడే.

"చూశావా, నా చెప్పుల ఫొటో ఎవరో స్కూలు పుస్తకంలో వేసుకున్నారు," అని భార్యకి చూపించేవాడు.

ఆవిడ మందుల షాపులో పనిచేస్తుంది. రోజంతా డబ్బాలమీద ఆవగింజంత అక్షరాలు చదివీ చదివీ, దేన్నయినా కళ్ళు చికిలించి చూడ్డం అలవాటైపోయింది. "ఊళ్ళోవాళ్ళ చెప్పులు సరే. మీ చెప్పులు తెగి నెలయింది, వాటి సంగతేమిటి?" అనేది.

ఫొటో వాడితే ఫొటోలోవి వాడిపోతాయి, అది మామూలే. ఆ చెప్పులాయన ఒకరోజు మెట్లమీద ఎదురుపడి, కొత్త చెప్పులు నెలకే రంగు దిగిపోయాయని నవ్వుతూనే చెప్పి వెళ్ళిపోయాడు. మూడో వీధిలో మెట్ల కమ్మీ నీలం రంగు పోయి నీళ్ళరంగులోకి తిరిగింది. సెలూన్ ఆయన ఎర్ర కుర్చీ సంగతైతే చెప్పనే అక్కర్లేదు. ఒకరోజు క్షవరానికి కూర్చుంటుంటే ఆయన కుర్చీ చేతులు చూపించాడు. ఎరుపు అన్నది ఉందో లేదో వెతుక్కోవాలి.

"లిఫ్టూ, నా కుర్చీని ఎంతమంది వాడుకున్నారయ్యా?"

"మూడొందల నలభై."

"అదీ సంగతి. నేనింకా సబ్బు మార్చినందుకు అనుకుంటున్నా." కత్తెర రెండుసార్లు గాల్లో ఆడించి, అద్దంలోంచి ఆయన కళ్ళలోకి చూశాడు. "కుర్చీకేముంది, తోలు మార్పించుకుంటా. వస్తువులు తీసినన్నాళ్ళు తీసుకో. మనుషుల జోలికి మాత్రం పోకు."

"నాకా మాత్రం తెలీదా?" అన్నాడు లిఫ్టాయన. తెలుసు కూడా. పదకొండేళ్ళలో ఒక్క మనిషి ముఖం కూడా ఆ సైటులో పెట్టలేదు.

ఇంట్లో మూడో మనిషి అక్క. ఆయనకంటే ఎనిమిదేళ్ళు పెద్దది. అమ్మ పోయినప్పుడు ఆయనకి పదేళ్ళు, అన్నం కలిపి పెట్టడం దగ్గర్నుంచి లిఫ్టు కంపెనీలో చేరేరోజున చొక్కా కుట్టి తొడగడం దాకా అంతా ఆవిడే. పెళ్ళి గిళ్ళి అని ఎవరైనా అంటే, "వీణ్ణి పెంచేసరికే సరిపోయింది, ఇంకొకణ్ణి కూడానా?" అనేది. వీధి వైపు గదిలో కిటికీ పక్కన కుట్టుమిషన్. మెడలో టేపు. వీధిలో ఎవరూ ఆవిడని పేరుపెట్టి పిలవరు, నవ్వులక్క అంటారు. ఆ నవ్వు అలాంటిది మరి. ముందు చప్పుడుండదు, భుజాలు కదులుతాయి. ఆ తర్వాత ఒక్కసారి బయటపడుతుంది, పాలవాడి దగ్గర్నుంచి చివరింటి పెద్దాయన దాకా తలెత్తి చూడాల్సిందే. ఆఖర్న రెండు ఎక్కిళ్ళు వస్తాయి. చొక్కాకి గుండీ కుట్టించుకోడానికని వచ్చి గంటసేపు కూర్చునేవాళ్ళు జనం, ఆ నవ్వు కోసమే.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన గుమ్మంలో కూర్చుని కెమెరా తుడుచుకుంటున్నాడు. అక్క మిషన్ ముందుంది.

"నిన్న ఒకాయన నాలుగో అంతస్తుకీ అయిదుకీ మధ్య ఇరుక్కుపోయాడక్కా. నలభై నిమిషాలు. లోపల్నుంచి ఒకటే అరుపులు, నేనెవరో తెలుసా అని. బయటికి లాగాక కోటు సర్దుకుని, ఇది పన్నెండో నంబరు బిల్డింగేనా అన్నాడు. కాదండీ పదమూడు అన్నాను."

"అయితే?"

"మళ్ళీ అదే లిఫ్టెక్కి కిందికి పోయాడు."

అక్క భుజాలు కదిలాయి. ఆయన చెయ్యి దానంతటది కెమెరా ఎత్తింది. నవ్వు బయటపడ్డ క్షణానికి టిక్కుమంది.

సాయంత్రం ఆ ఫొటో తెరమీద చూసుకుని ఆయన చాలాసేపు కదల్లేదు. కిటికీ తెరలోంచి వస్తున్న ఎండ, మెడలో పసుపు రంగు టేపు, నోరంతా తెరుచుకున్న అక్క. అంత మంచి ఫొటో జన్మలో తీయలేదు, ఇక తీయబోడు కూడా. దాన్ని ఎవరికీ చూపించకుండా ఎలా ఉండటం? సెలూన్ ఆయన మాట గుర్తొచ్చింది. ఒకరో ఇద్దరో వాడుకుంటే ఏమైపోతుంది, మహా అయితే చీర అంచు కాస్త వెలుస్తుంది అని సర్దిచెప్పుకున్నాడు. అక్కని అడగలేదు. అడిగితే వద్దంటుందని కాదు, సరేనంటుందని భయం. అలవాటు ప్రకారం కింద ఆ మాటే రాశాడు.

వారం తిరిగేసరికి నూట పది. నెలకి ఆరొందలు. అక్క ముఖం ఊరూరా తిరుగుతోంది. ఒక పళ్ళపొడి డబ్బా పక్కన నవ్వుతోంది. ఒక ఆస్పత్రి పేజీలో 'మా డాక్టరమ్మ' అని నవ్వుతోంది. 'నలభై రోజుల్లో ఇరవై కిలోలు తగ్గాను' అని ఎవరో ఆవిడ నోటితో చెప్పించారు. 'ఒంటరితనాన్ని గెలవడం ఎలా' అన్న వ్యాసం పైనా ఆవిడే. వీధిలో కొత్తవాళ్ళు ఆగి, "మిమ్మల్ని ఎక్కడో చూశానండీ," అనడం మొదలుపెట్టారు. అక్క కూడా, "అవునా, నేనూ చూసుంటాను," అనేది.

ముందు టేపుమీద అంకెలు పోయాయి. ఒక చొక్కా చేతులు బెత్తెడు పొట్టిగా కుట్టి, అక్క టేపుని వెలుగులో పట్టుకు చూసుకుంది. ఇరవై నుంచి ముప్ఫై దాకా తెల్లగా ఉంది. పాతబడిందిలే అని కొత్తది తెచ్చుకుంది. తర్వాత కిటికీ తెర. ఆ తర్వాత ఆవిడ. ముందు జుట్టు నలుపు, ఆ వెనక పెదాల రంగు. తెల్లబడటం కాదది, నెరవడం కాదు. ఉతికి ఉతికి పల్చబడ్డ గుడ్డలో అవతలివైపు కనిపిస్తుంది చూడండి, అలా. మిషన్ ముందు ఆవిడ కూర్చుంటే, వెనక గోడమీది పగులు తెలుస్తోంది.

"ఒంట్లో బాగుందా వదినా?" అని అడిగింది భార్య.

"బానే ఉందే. కాస్త తేలిగ్గా ఉంది, అంతే."

ఆయనకి అర్థం కాలేదనుకోకండి. మొదటిరోజు టేపు చూడగానే తెలిసిపోయింది. కానీ అంకె తొమ్మిదొందల నలభై దగ్గరుంది. వెయ్యి చూశాక తీసేద్దాం, ఇంకెంత, అరవయ్యే కదా అనుకున్నాడు. మనిషి మంచివాడే. అయినా అనుకున్నాడు. మూడు వారాలపాటు అక్క ముఖం చూడకుండా అన్నం తిన్నాడు.

వెయ్యి దాటింది కూడా. ఆ రోజు ఆయన కాస్త పెందలాడే ఇంటికొచ్చాడు. తన ముందే ఒకావిడ లంగా అంచు కుట్టించుకోవడానికి గుమ్మంలోకొచ్చింది. అక్క మిషన్ ముందే కూర్చుని, "రామ్మా," అంది. ఆవిడ గదంతా కలియజూసి, "ఎవరండీ, ఎవరూ లేరా?" అని పిలిచింది. అక్క చెయ్యెత్తింది. ఆవిడ ఇంకోసారి పిలిచి, ఎవరూ లేరనుకుని గుడ్డ చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. అక్క ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకుని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టింది.

ఆయన సంచీ గుమ్మంలోనే పడేసి వెళ్ళి ఫొటో తీసేశాడు. ఫొటో పోయింది. ఖాళీ చోటు పక్కన అంకె మాత్రం అలాగే ఉంది, వెయ్యీ ఇరవై మూడు. కింద సైటువాళ్ళ మాట: 'ఒకసారి వాడుకోవచ్చని అన్నాక, తీసుకున్నవారి నుంచి వెనక్కి తీసుకోవడం కుదరదు.'

ఇక దాచి లాభం లేక ఇద్దరి ముందూ చెప్పేశాడు. భార్య ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, ఆ రోజు పెంచింది.

"వాడుకోవచ్చని రాసే చేత్తో చూసుకోవచ్చని రాస్తే మీ సొమ్మేం పోయేదండీ? మీరు రాసిందే కదా వాళ్ళు చేసింది! పైగా వెయ్యి కోసం ఆగారా? మీ అక్క కాదూ ఆవిడ?"

ఆయన తల సిగ్గుతో నేలకి దిగిపోయింది.

"అరవకే," అంది అక్క. "ఏదీ, ఆ ఫొటో ఒకసారి చూపించరా."

కెమెరాలో చూపించాడు. ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తనని తను అలా ఎప్పుడూ చూసుకోలేదు కదా. "బాగా తీశావురా," అంది చివరికి. నాలుగు తిట్టినా బాగుండేది. ఆయన పెరట్లోకి పోయి, కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాడు.

మర్నాటి నుంచి మందులషాపావిడ నడుం బిగించింది. ఎక్కడెక్కడ ఫొటో ఉందో కళ్ళు చికిలించి వెతకడం ఆవిడ పని, ఉత్తరాలు రాయడం ఆయన పని. 'అయ్యా, ఇది మా అక్క. వాడుకోమన్నది నేనే, తప్పు నాది. దయచేసి తీసేయండి, మనిషి వాడిపోతోంది.' మనిషి వాడిపోతోందంటే ఎందుకు అని ఎవరూ అడగలేదు. కొందరు అరగంటలో తీసేశారు. కొందరు పది ఉత్తరాలకి కదిలారు. పళ్ళపొడి కంపెనీవాళ్ళు, తమ పొడి అక్కగారికి నచ్చినందుకు సంతోషమని రాశారు. వాళ్ళకి ఇంకో ఏడు రాయాల్సొచ్చింది. ఒక ఫొటో దిగినప్పుడల్లా అక్కకి కాస్త రంగు తిరిగొచ్చేది. ఆస్పత్రివాళ్ళు తీసేసినరోజు కుడి కనుబొమ్మ నల్లబడింది. బరువు తగ్గిన ప్రకటన దిగాక బుగ్గ తేరుకుంది. వెనక గోడ పగులు కనిపించడం మానేసింది. లంగా అంచు ఆవిడ కూడా తిరిగొచ్చి, "ఆ మధ్య ఊళ్ళో లేరా అక్కా?" అంది.

అక్క ఫొటో వాడుకున్న పెళ్ళిసంబంధాలవాళ్ళ దగ్గర్నుంచి వచ్చిన జవాబు భార్య పైకి చదివింది. "వదినా, నీ వయసు ముప్ఫై ఒకటని వేశారట. పదకొండు సంబంధాలు వచ్చాయట, వాళ్ళకేం చెప్పమంటారని అడుగుతున్నారు."

"పదకొండే! ముందే చెప్పొద్దుటే, నాలుగు చూసేదాన్ని కదా!"

భార్య పగలబడి నవ్వింది. ఆయనా నవ్వాడు. అక్క భుజాలు కదిలాయి. నోరు తెరుచుకుంది. చప్పుడు రాలేదు. ఇద్దరూ నవ్వడం ఆపేశారు. అక్క నోరు ఇంకా తెరుచుకునే ఉంది, భుజాలు కదులుతూనే ఉన్నాయి, గదిలో గోడ గడియారం తప్ప ఇంకేం వినిపించడం లేదు. కాసేపటికి ఆవిడకే తెలిసి, గొంతు తడుముకుంటూ నోరు మూసుకుంది.

ఏడాది దాటేసరికి అంకె ఒకటికి దిగింది. అక్క జుట్టు, రంగు, కళ్ళు అన్నీ ఎప్పట్లా ఉన్నాయి. నవ్వొక్కటే లేదు. ఆ ఒక్కచోటు ఎక్కడో భార్యకి చిక్కడానికి ఇంకో నెల పట్టింది. ఎవరో అమ్మాయి పేరుమీద ఉన్న పేజీ అది. ముఖం అక్కది. కింద రోజూ సాయంత్రం ఆరింటికి ఒకే మనిషి రాసే నాలుగు ముక్కలు. 'ఇవాళ దుప్పట్లు ఉతికాను. నీ గదిలో బల్బు మార్పించాను.' 'మోకాలు నొప్పి తగ్గింది, కంగారు పడకు.' ఎవరూ జవాబివ్వలేదు, ఆరింటికి రాయడం ఒక్కరోజూ తప్పలేదు.

ఆయన ఉత్తరం రాశాడు. తొమ్మిదోరోజున ఒకావిడ దగ్గర్నుంచి జవాబొచ్చింది. భార్య చదువుతుంటే అక్క మిషన్ ఆపి వింది.

'బాబూ, ఆ ఫొటో నా దగ్గరుంది. మా అమ్మాయి పోయి ఆరేళ్ళు. ఆ మరుసటేడు ఇల్లు అంటుకుని ఒక్క ఫొటో మిగల్లేదు. ముఖం గుర్తుంది గానీ నవ్వు మర్చిపోతున్నానని భయం పట్టుకుంది. ఎవరైనా వాడుకోవచ్చన్న ఫొటోల్లో వెతుక్కుంటూ కూర్చున్నాను. మీ అక్కగారి ముక్కు మా అమ్మాయిది కాదు, కళ్ళు అసలే కాదు. నవ్వు మాత్రం అదే. ముందు భుజాలు కదిలి, తర్వాత చప్పుడొస్తుంది కదూ? ఆ ఫొటో గోడకి కూడా పెట్టుకున్నాను. ఈ ఊరికి కొత్తగా వచ్చాను, ఇక్కడెవరికీ అమ్మాయి పోయిందని చెప్పలేదు. దూరాన ఉద్యోగం, సెలవు దొరికితే వస్తుంది అని చెప్పాను. అబద్ధమే. మీ అక్కగారికి కష్టంగా ఉందంటే ఇవాళే తీసేస్తాను, మళ్ళీ అడగక్కర్లేదు. ఒక్కమాట మాత్రం నమ్మండి. నేను వాడుకోవడం లేదు బాబూ, చూసుకుంటున్నాను. నా తర్వాత చూసుకునేవాళ్ళు లేరు, అప్పుడు మీది మీకు వచ్చేస్తుంది.'

భార్య ఉత్తరం పక్కన పెట్టింది.

"పాపం," అన్నాడు ఆయన. "అయినా తీసెయ్యమని రాస్తాను. ఆవిడే తీసేస్తానంటోందిగా."

"ఉండు. ఇంకోసారి చదవవే."

భార్య మళ్ళీ చదివింది. అక్క కళ్ళు మూసుకుని వింది. "ముందు భుజాలు కదులుతాయని ఆవిడకెలా తెలుస్తుందిరా? ఫొటోలో అది లేదుగా."

"వాళ్ళమ్మాయికీ అంతేనేమో."

"అదే మరి." దారం కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. "వెయ్యిమంది వాడుకున్నారు. ఒక్కత్తి చూసుకుంటోంది. ఆ ఒక్కత్తి దగ్గర్నుంచా మనం లాక్కునేది? ఉండనీ."

"ఉండనీ ఏమిటక్కా! అది నీ నవ్వు. నువ్వు నవ్వకపోతే ఈ ఇంట్లో నేనెలా ఉండను?" నలభై ఏళ్ళు దాటిన మనిషి, చిన్నపిల్లాడిలా అక్క కొంగు పట్టుకున్నాడు.

"ఉంటావులే. నేను ఉండటం లేదూ? నా దగ్గరుంటే గుండీలు కుట్టించుకునేవాళ్ళు వింటారు. అక్కడుంటే ఒక ప్రాణం నిలబడుతోంది. నీ తప్పుకి ఆవిడని ఏడిపించకురా." అని భార్య వైపు తిరిగి, "నువ్వు రాయవే. వీడు సరిగ్గా రాయడు. ఉంచుకోండి, జాగ్రత్త, అని రాయి," అంది.

దానికి జవాబుగా ఒక చిరునామా వచ్చింది. ఒక రాత్రి బస్సు ప్రయాణం. 'ఎప్పుడైనా ఇటొస్తే ఒకసారి కనిపించమ్మా' అని ఉంది కింద. భార్య రెండు మూడుసార్లు వెళ్ళొద్దామంది. అక్క తల అడ్డంగా ఊపింది. "వెళ్తే నవ్వమంటుందే. ఎక్కణ్ణుంచి తేను?"

అలా అయిదేళ్ళు గడిచాయి. ఆ మధ్యలో ఆ ఇంట్లో పాప పుట్టింది, నాలుగేళ్ళు నిండాయి. వీధిలో ఇంకా నవ్వులక్క అనే అంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు ఎందుకలా పిలుస్తారో తెలీక బిక్కమొహం వేస్తారు. హాస్యానికేదైనా అంటే ఆవిడ భుజాలు కదులుతాయి, ఎదుటివాళ్ళు మర్యాదకి తల తిప్పుకుంటారు. సాయంత్రం ఆరింటికి మాత్రం మిషన్ ఆపుతుంది. నుదుటిమీద పడ్డ జుట్టు వెనక్కి తోసుకుని, పైట సర్దుకుని, కిటికీ వైపు ముఖం పెట్టి ఒక అయిదు నిమిషాలు అలా కూర్చుంటుంది.

"ఏంటత్తా?" అని అడిగేది పాప.

"ఏం లేదురా. చూస్తున్నారు."

పాప కూడా అత్త పక్కన నిలబడి బట్టలు సర్దుకునేది. ఆయన ఆ అయిదు నిమిషాలూ ఆ గదిలోకి అడుగుపెట్టేవాడు కాదు. ఎవరో కనబడని మనిషి కళ్ళ ముందుగా నడిచినట్టుండేది. ఆ పైన తను చేసింది గుర్తొచ్చేది. కెమెరా ఇంకా ఉంది గానీ, తీసినవేవీ గడప దాటవు.

ఒక సెలవురోజు, మధ్యాహ్నం మూడయింది. అక్క తమ్ముడికి కొత్త చొక్కా కుట్టి, తొడిగి చూసుకోమంది. పాప పొద్దుటినుంచీ పక్కన కూర్చుని దారాలు చిక్కుపెడుతుంటే మాటల్లో పడి కుట్టిందేమో, ఎడమ చెయ్యి కుడివైపు, కుడి చెయ్యి ఎడమవైపు వేసింది. ఆయన చేతులు దూర్చాడు. మోచేతులు ముందుకి పొంగి, రెండు చేతులూ ముందుకి చాచుకుని నిలబడిపోయాడు.

"నాన్న ఎత్తుకోమంటున్నాడు అత్తా," అంది పాప.

అక్క భుజాలు కదిలాయి. ఆయన అలవాటుగా తల తిప్పుకోబోయాడు.

అప్పుడు బయటపడింది. గదిలో గాజు గ్లాసు జిల్లుమంది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది. చివరింటి పెద్దాయన కర్ర చప్పుడు ఆగిపోయింది. భార్య తడిచేతులతో వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మం పట్టుకు నిలబడింది. పాప హడలిపోయి వచ్చి తండ్రి కాళ్ళని చుట్టుకుంది.

"ఎవరు నాన్నా? ఎవరది?"

అక్కే. జుట్టు సగం నెరిసిన అక్క, నోరంతా తెరిచి నవ్వుతోంది. ఆ నవ్వు ఆ రోజు మధ్యాహ్నం ఫొటోలోకి వెళ్ళింది వెళ్ళినట్టే ఉంది. ఒక్క పిసరు వాడిపోలేదు. ఎవరో అంత భద్రంగా చూసుకున్నారు దాన్ని. ఆయనకి ఒళ్ళంతా సంతోషం పొంగింది, మరుక్షణం అదే సంతోషం గుండెలో కాలింది. ఇది తిరిగి రావడమంటే అర్థం ఏమిటో ఆ గదిలో పాపకి తప్ప అందరికీ తెలుసు. అక్క నవ్వుతూ నవ్వుతూనే ఏడుస్తోంది, ఆపుకుందామన్నా ఆగడం లేదు. ఆఖర్న రెండు ఎక్కిళ్ళు వచ్చి, ఇల్లు నిశ్శబ్దమైపోయింది.

భార్య వచ్చి పక్కన కూర్చుని వీపు రాసింది. "వదినా, ఇప్పుడేనంటావా?"

"ఇప్పుడే. నిన్న ఆరింటికి కూడా చూసింది." కొంగుతో ముఖం తుడుచుకుని లేచి, మిషన్‌కి గుడ్డ కప్పింది. "నేను వెళ్తాన్రా."

"ఎక్కడికి?" తెలిసే అడిగాడు.

"ఆవిడ రమ్మన్నప్పుడు ఉత్తచేతులతో వెళ్ళలేకపోయాను. ఇప్పుడుంది."

"ఇప్పుడు ఆవిడ లేదు కదక్కా."

"అందుకేరా. ఎవరో ఒకరు దగ్గరుండి చూసుకోవాలి కదా."

రెండు చీరలు మడతపెట్టి సంచీలో పెట్టుకుంది. తల దువ్వుకుంది. ఆయన ఆ చేతులు తిరగబడ్డ చొక్కాతోనే వెనకాల తిరుగుతున్నాడు. తనూ వస్తానన్నాడు, వద్దంది. "పోనీ, అక్కడివాళ్ళు నువ్వెవరివని అడిగితే ఏం చెప్తావు?"

"ఏమీ చెప్పక్కర్లేదు. గోడమీద నా ఫొటోనే ఉందిగా. కూతురు సెలవు దొరికి వచ్చిందనుకుంటారు."

చెప్పులేసుకుని, పాప బుగ్గ గిల్లి, అయిదింటి బస్సుకి వెళ్ళిపోయింది.